నిరాశ్రయుల కోసం పొలం: ఊరి పెద్దలు ఊ అంటే సరిపోతుందా?

నిరాశ్రయుల కోసం పొలం పెడతారనే వార్తలు చాలావరకు ఒకేలా మొదలవుతాయి. నగరంలో ఫుట్‌పాత్‌ల మీద, పార్కుల్లో పడుకునేవాళ్లు పెరుగుతారు. ఎవరో ఒకరు ఊరి బయట పెద్ద పొలం చూపించి, వీళ్లలో కొందరిని ఇక్కడికి తెచ్చి, మత్తు మాన్పించి, పని నేర్పి, మళ్లీ మనుషుల్లో కలుపుతానంటారు. మేయర్లు, పోలీసు అధికారులు, వ్యాపారులు, డాక్టర్లు, మతపెద్దలు మంచి ఆలోచన అని సంతకాలు పెడతారు. ఫొటో వస్తుంది. ఆ తర్వాత ఏళ్లు గడిచిపోతాయి. వెళ్లి చూస్తే పొలంలో పట్టుమని పదిమంది ఉండరు.

ఇంతమంది పెద్దలు ఒప్పుకున్నాక ఇంకా అడ్డేమిటి అన్న సందేహం సహజం. చుట్టుపక్కల వాళ్ల స్వార్థం అని కొందరంటారు, ఆఫీసుల మొండితనం అని ఇంకొందరు. రెండింట్లోనూ కొంత నిజం ఉండొచ్చు. కానీ నాకు కనిపించే చిక్కు వేరు. ఒకే పొలాన్ని నలుగురు నాలుగు రకాలుగా చూస్తున్నారు. భూమి చట్టానికి అది సాగు భూమి. ఆరోగ్య శాఖకు చికిత్స కేంద్రం. ఇళ్ల వ్యవహారం చూసే సంస్థకు అదొక వసతి. కార్మిక చట్టానికి అది మనుషులు పని చేసే చోటు. పెద్దల సంతకం ఈ నాలుగింటిలో దేనికి అన్నది ఆ కాగితంలో రాసి ఉండదు.

ఏది థెరప్యూటిక్ ఫామ్, ఏది కాదు

థెరప్యూటిక్ ఫామ్ అంటే పొలం పని ద్వారా మనిషిని కోలుకునేలా చేసే చోటు. ఈ మాట కింద కనీసం మూడు వేర్వేరు పనులు నడుస్తున్నాయి. మొదటిది పగటి పొలం. మనిషి తన ఇంట్లోనో షెల్టర్‌లోనో ఉంటాడు, వారానికి రెండు మూడు రోజులు పొలానికి వచ్చి పశువులను చూసుకుంటాడు, మొక్కలు నాటుతాడు, సాయంత్రం వెళ్లిపోతాడు. నెదర్లాండ్స్‌లో ఇది బాగా పాతుకుపోయింది. 1998లో అక్కడ ఇలాంటి పొలాలు 75 దాకా ఉండేవి, తర్వాత పదేళ్లు కాస్త అటూఇటూగా వెయ్యి దాటాయి. వాటిలో చాలావరకు నిజమైన రైతు కుటుంబాలవే. రైతు తన సాగు తాను చేసుకుంటూనే కొందరిని పనిలో కలుపుకుంటాడు, దానికి డబ్బు ఆరోగ్య, సంక్షేమ బడ్జెట్ల నుంచి వస్తుంది.

రెండోది అక్కడే ఉండి కోలుకునే చోటు. దీన్ని థెరప్యూటిక్ కమ్యూనిటీ అంటారు. నెలలు, ఒక్కోసారి ఏళ్లు ఉండాలి. వంట, కట్టెలు, పాలు పితకడం, లెక్కలు రాయడం అన్నీ ఉండేవాళ్లే చేసుకుంటారు. ఇక్కడ చికిత్స అంటే రోజుకో గంట కౌన్సెలింగ్ మాత్రమే కాదు. పొద్దున ఆరింటికి లేవడం, తన వంతు పని ఇంకొకరి మీద పడకుండా చూసుకోవడం, గొడవైతే పారిపోకుండా కూర్చుని మాట్లాడటం, ఇదంతా చికిత్సే.

మూడోది ఉద్యోగ శిక్షణ పొలం. అమెరికాలోని శాంటాక్రూజ్‌లో 1990లో మొదలైన హోమ్‌లెస్ గార్డెన్ ప్రాజెక్ట్ దీనికి మంచి ఉదాహరణ. ఇల్లు లేనివాళ్లు అక్కడ సేంద్రియ సాగులో పని చేస్తూ, పని అనుభవం సంపాదించి, బయట ఉద్యోగానికీ గదికీ దారి వెతుక్కుంటారు.

ఈ మూడింటికీ కావలసిన అనుమతులు వేరు, ఖర్చు వేరు, ఎదురయ్యే అభ్యంతరాలు వేరు. పగటి పొలానికి పక్క రైతు నుంచి పెద్దగా పేచీ రాదు. అదే పొలంలో నలభై మంది రాత్రిళ్లు కూడా ఉంటారనగానే కథ మారిపోతుంది. మద్దతిచ్చే పెద్దలు మొదటిదాన్ని ఊహించుకుని సంతకం పెడితే, ప్రతిపాదన రెండోదై ఉండొచ్చు.

ఆలోచన పాతదే, దాని మచ్చలూ పాతవే

మానసికంగా దెబ్బతిన్న మనిషిని పల్లెలో, పనిలో, కుటుంబాల మధ్య ఉంచితే కుదురుకుంటాడన్న నమ్మకం చాలా పాతది. బెల్జియంలోని గీల్ అనే ఊళ్లో మధ్యయుగాల నుంచీ మానసిక రోగులను మామూలు కుటుంబాలు తమ ఇళ్లలో పెట్టుకుంటున్నాయి. వాళ్లలో ఎంతోమంది ఆ ఇళ్ల పొలం పనుల్లో చేయి వేసేవాళ్లు. 1796లో ఇంగ్లండ్‌లోని యార్క్‌లో క్వేకర్లు అనే క్రైస్తవ శాఖవాళ్లు 'రిట్రీట్' అనే మానసిక ఆసుపత్రి తెరిచారు. రోగులను గొలుసులతో కట్టేయడం మామూలుగా ఉన్న రోజుల్లో అక్కడ తోట పని ఇచ్చారు, కుందేళ్లనూ కోళ్లనూ పెంచనిచ్చారు.

ఇల్లు లేనివాళ్ల విషయానికొస్తే, సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సేవా సంస్థ స్థాపకుడు విలియం బూత్ 1890లో ఒక పెద్ద పథకం ప్రకటించాడు. లండన్ వీధుల్లోని పేదలను ముందు నగర కేంద్రంలో చేర్చుకోవడం, తర్వాత పొలానికి పంపడం, చివరికి సముద్రం దాటించి వలస భూములకు పంపడం. 1891లో ఎసెక్స్‌లోని హాడ్లీలో ఆ పొలం మొదలైంది. విచిత్రం ఏమిటంటే ఆ సంస్థ అక్కడ ఇప్పటికీ శిక్షణ ఇస్తోంది. 2012 ఒలింపిక్స్‌లో మౌంటెన్ బైక్ పోటీలు కూడా ఆ పొలం మీదే జరిగాయి. అమెరికాలోని మసాచుసెట్స్‌లో 1913లో మొదలైన గూల్డ్ ఫామ్ కూడా ఇంకా నడుస్తోంది. అంటే ఈ పద్ధతి ఆరంభ శూరత్వం కాదు, నిలబడ్డవి వందేళ్లకు పైగా నిలబడ్డాయి.

రెండో వైపు కూడా చూడాలి. పాశ్చాత్య దేశాల పెద్ద మానసిక ఆసుపత్రులకు సొంత పొలాలుండేవి. రోగులు దశాబ్దాల తరబడి జీతం లేకుండా వాటిలో పని చేశారు. అది చికిత్సా, వెట్టిచాకిరీనా అన్న ప్రశ్న కోర్టు దాకా వెళ్లి, 1973లో అమెరికాలో ఒక ఫెడరల్ కోర్టు ఆసుపత్రికి లాభం తెచ్చే పని చేసే రోగులకు కార్మిక చట్టం వర్తిస్తుందని తీర్పిచ్చింది.

ఇక ఇటలీలోని శాన్ పాట్రిన్యానో. రిమిని దగ్గర 1978లో విన్సెంజో ముచ్చోలి మొదలుపెట్టిన ఈ చోటు మత్తుకు బానిసైన వేలమందికి ఆశ్రయమైంది. ఉండేవాళ్ల దగ్గర గానీ వాళ్ల కుటుంబాల దగ్గర గానీ డబ్బు తీసుకోరు. వైన్, చీజ్, తోలు వస్తువులు లాంటి వాటి నుంచీ, విరాళాల నుంచీ నడుపుతారు. నిరాశ్రయుల పొలం అన్నప్పుడు చాలామంది చూపించే నమూనాల్లో ఇదొకటి. అయితే తొలినాళ్లలో కొందరిని పారిపోకుండా గొలుసులతో కట్టేశారని కేసు నడిచింది. 1985లో ముచ్చోలికి కింది కోర్టు శిక్ష వేసింది, పై కోర్టు కొట్టేసింది. ప్రాణాలు కాపాడాడని ఆయనకు దండం పెట్టేవాళ్లూ, అధికారం తలకెక్కిందని తిట్టేవాళ్లూ ఇటలీలో ఇప్పటికీ ఉన్నారు. కాబట్టి 'శాన్ పాట్రిన్యానో లాంటిది పెడతాం' అని ఎవరైనా అన్నప్పుడు, విన్నవాళ్లలో సగం మందికి ఒకటి గుర్తొస్తుంది, మిగతా సగానికి ఇంకొకటి.

వుడ్‌విన్: 193 ఎకరాల మీద నాలుగు దృష్టులు

ఈ చిక్కుముడి అంతా ఒకేచోట కనిపించే ఉదాహరణ కెనడాలో ఉంది. బ్రిటిష్ కొలంబియా ప్రావిన్స్‌లోని వాంకూవర్ దీవిలో, విక్టోరియా నగరానికి ఉత్తరాన సెంట్రల్ శానిచ్ అనే మునిసిపాలిటీ ఉంది. పర్యాటకులు ఎగబడే బుచార్ట్ గార్డెన్స్ అక్కడే. దానికి దగ్గర్లోనే వుడ్‌విన్ ఫామ్స్, 193 ఎకరాలు. 2009లో ఒక స్వచ్ఛంద సంస్థ దాన్ని కొని, శాన్ పాట్రిన్యానో స్ఫూర్తితో విక్టోరియా వీధుల్లోని వాళ్లకు కోలుకునే చోటుగా మార్చాలనుకుంది.

ఆలోచనకు మనుషులు దొరికారు, సానుభూతి దొరికింది, విరాళాలు వచ్చాయి. దొరకనిది పడకగదులకు అనుమతి. ఎందుకంటే ఆ భూమి 'అగ్రికల్చరల్ ల్యాండ్ రిజర్వ్'లో ఉంది. ఈ రిజర్వ్ వెనక కథ తెలియకపోతే అధికారులు కావాలని కాలయాపన చేశారనిపిస్తుంది. బ్రిటిష్ కొలంబియా అంతా కొండలూ అడవులూ. సాగుకు పనికొచ్చే నేల తక్కువ. 1970ల మొదట్లో ఏడాదికి దాదాపు 6,000 హెక్టార్ల మంచి సాగు భూమి ఇళ్లకూ షాపులకూ పోతుంటే, 1973లో చట్టం చేసి రిజర్వ్ పెట్టారు. ప్రావిన్స్ మొత్తం నేలలో సుమారు 5 శాతమే అందులో ఉంది. ఆ నేల మీద సాగు కాని పనులు చాలావాటికి అగ్రికల్చరల్ ల్యాండ్ కమిషన్ ఒప్పుకోవాలి.

కమిషన్ అడిగే ప్రశ్న చాలా ఇరుకైనది: ఈ వాడకం వల్ల సాగుకు మేలా, కీడా? అక్కడ ఉండబోయే మనిషి ఎంత దీనస్థితిలో ఉన్నాడన్నది ఆ ప్రశ్నలో లేదు. ఉండకూడదు కూడా అన్నది కమిషన్‌ను సమర్థించేవాళ్ల వాదన. ఈ రోజు మంచి పనికి నలభై గదులు ఇస్తే, రేపు ఇంకో మంచి పనికి ఎలా కాదంటారు? మంచి పనులకు కొరత లేదు, నేలకే కొరత. దీనికి పొలం పక్షాన జవాబు కూడా గట్టిదే. 193 ఎకరాల్లో ఒకట్రెండు ఎకరాలు గదులకు పోయినా మిగతాదంతా సాగులో ఉంటుంది, పైగా సాగు చేసే చేతులు వస్తాయి. పొలం కూలీలకు వసతి కట్టుకోనిస్తున్నప్పుడు వీళ్లకెందుకు కట్టుకోనివ్వరు?

అదిగో, అక్కడే ముడి. వీళ్లు కూలీలైతే కార్మిక చట్టం వర్తిస్తుంది. రోగులైతే ఆరోగ్య శాఖ నియమాలు వర్తిస్తాయి. అద్దెకుండేవాళ్లైతే ఇళ్ల నియమాలు. ఒక ఆఫీసులో కూలీలనీ, ఇంకో ఆఫీసులో రోగులనీ చెబితే ఎక్కడో ఒకచోట దొరికిపోతారు.

ఎవరు ఉండొచ్చు, ఏ కట్టడంలో ఉండొచ్చు అన్నదాని మీద మునిసిపాలిటీతో, కమిషన్‌తో ఏళ్ల తరబడి పేచీ నడిచింది. చివరికి 2018లో ఇళ్ల వ్యవహారం చూసే ప్రావిన్స్ ప్రభుత్వ సంస్థ బీసీ (బ్రిటిష్ కొలంబియా) హౌసింగ్ ఆ పొలాన్ని కొనేసింది. అప్పుడు వినిపించిన ఆలోచన ఆసక్తికరమైనది: వసతి వేరే చోట, పని మాత్రం పొలంలో. అంటే రెండో రకం పొలాన్ని మొదటి రకంగా మార్చడమన్నమాట. ఆ తర్వాత ఆ భూమి దగ్గర్లోనే నివసించే ఆదివాసీ సమాజం, సార్ట్‌లిప్ ఫస్ట్ నేషన్ చేతికి వెళ్లింది.

పెద్దల మాట ఎక్కడ చెల్లుతుంది

'ఊరి పెద్దల మద్దతు' అని ఒకే గంపలో వేస్తాం గానీ, ఒక్కో పెద్దమనిషి చేతిలో ఉన్నది ఒక్కోటి. మతపెద్ద వాలంటీర్లను తేగలడు, అనుమానంగా చూసేవాళ్ల ముందు హామీగా నిలబడగలడు. వ్యాపారి డబ్బివ్వగలడు, అంతకంటే విలువైనది, కోలుకున్నవాడికి ఉద్యోగం ఇవ్వగలడు. పోలీసు అధికారి మాటకు బరువు వేరే రకం. ఒకే మనిషిని నెలకు పదిసార్లు పట్టుకుని వదలడం వల్ల ఒరిగేదేమీ లేదని ఆయన చెబితే జనం వింటారు, ఆయన మెతకమనిషని ఎవరూ అనరు. డాక్టరు మద్దతిస్తే ఎవరిని పొలానికి పంపొచ్చు, ఎవరిని పంపకూడదు అన్నది తేల్చే పని ఆయన మీదే పడుతుంది.

మేయర్‌కున్న అధికారాన్ని మనం కాస్త ఎక్కువగా ఊహించుకుంటాం. బ్రిటిష్ కొలంబియాలో కౌన్సిల్‌లో మేయర్ ఓటు ఒక ఓటే. కౌన్సిల్ మొత్తం ఒప్పుకున్నా రిజర్వ్ భూమి మీద చివరి మాట ప్రావిన్స్ కమిషన్‌ది. పైగా ఇక్కడ ఇంకో మెలిక. విక్టోరియా ప్రాంతమంతా చూడటానికి ఒకే నగరంలా ఉన్నా, ఆ రీజనల్ డిస్ట్రిక్ట్‌లో, అంటే జిల్లా లాంటి పాలనా ప్రాంతంలో, 13 మునిసిపాలిటీలు ఉన్నాయి. ఇల్లు లేనివాళ్లు ఎక్కువగా కనిపించేది విక్టోరియా నడిబొడ్డున. పొలం ఉన్నది వేరే మునిసిపాలిటీలో. నగరంలోని పెద్ద ఎంత గట్టిగా మద్దతిచ్చినా, పొలం పక్కన ఉండే ఓటరు ఆయనకు ఓటేసేవాడు కాదు. మద్దతు ఒకచోట, భారం ఇంకోచోట. ఈ తేడా ఫొటోలో కనిపించదు.

అలాగని మద్దతు లేఖలు ఉత్త కాగితాలని కాదు. విరాళం ఇచ్చే సంస్థలు వాటిని చూస్తాయి, అధికారి కూడా పక్కన పెట్టిన ఫైలును మళ్లీ తెరవడానికి వాటిని సాకుగా వాడుకుంటాడు. కాకపోతే 'మేం ఈ ఆశయాన్ని సమర్థిస్తున్నాం' అనే లేఖకూ, 'ఏడాదికి ఆరుగురికి మా గోదాములో ఉద్యోగం ఇస్తాం' అనే లేఖకూ చాలా దూరం. అధికారుల ముందు రెండో లేఖే నిలబడుతుంది.

ఎనిమిది మందా, నలభై మందా: ఒక ఖర్చు లెక్క

అనుమతి విషయంలో తలల లెక్క ఎందుకంత ముఖ్యమో ఒక ఊహా ఉదాహరణతో చూద్దాం. ఒక పొలానికి ఎంతమంది ఉన్నా తప్పని ఖర్చు ఏడాదికి 5,00,000 డాలర్లు అనుకుందాం. భూమి మీద అప్పు వాయిదా, రాత్రి పగలు ఉండే సిబ్బంది, బీమా, యంత్రాల మరమ్మతు అన్నీ అందులోనే. దీనికి తోడు మనిషికి తిండి, మందులు, ప్రయాణాలకు 12,000 డాలర్లు.

నలభై మంది ఉంటే తప్పని ఖర్చు మనిషికి 12,500 పడుతుంది. మొత్తం 24,500. ఎనిమిది మందికే అనుమతి వస్తే తప్పని ఖర్చే మనిషికి 62,500 అవుతుంది, మొత్తం 74,500. పొలం అదే, పని అదే, ఖర్చు మాత్రం మూడింతలు. అప్పుడు విమర్శకులు 'ఇంత ఖర్చు పెట్టి ఎనిమిది మందినా?' అంటారు. నిర్వాహకులు 'నలభై మందికి అనుమతిస్తే కదా!' అంటారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు.

కూరగాయలు అమ్మి ఈ ఖర్చు తీర్చుకోవచ్చు కదా అని చాలామంది అడుగుతారు. అనుభవమున్న రైతుకే గిట్టుబాటు కాని రోజులివి. సరిగా నిద్రపట్టని, చేతులు వణికే, నిన్నటి దాకా పార ముట్టని మనిషితో చేయించే సాగుకు లాభాల లెక్క వేయడం కష్టం. పంట ఖర్చులో కొంత తీరుస్తుంది, అంతే. లాభం కోసం తొందరపడిన రోజున పొలం గెలుస్తుంది గానీ మనిషి వెనకబడతాడు.

వంద మందిలో ఎంతమంది బాగుపడ్డారు?

ఇక అందరూ అడిగే ప్రశ్న, ఇది పనిచేస్తుందా? జవాబు చెప్పేముందు శాతాల మాయ ఒకటి చూడాలి. ఒక పొలంలో ఏడాదిలో వంద మంది చేరారనుకుందాం. ముప్పై మంది మొదటి నెలలోనే వెళ్లిపోయారు. ఇంకో ముప్పై మంది మధ్యలో మానేశారు. నలభై మంది చివరిదాకా ఉన్నారు. వాళ్లలో ముప్పై మంది రెండేళ్ల తర్వాత కూడా మత్తుకు దూరంగా, ఒక ఇంట్లో ఉన్నారు. విజయం ఎంత శాతం? పూర్తిచేసిన నలభై మందిలో చూస్తే 75. చేరిన వందలో చూస్తే 30. రెండూ అబద్ధం కాదు. శాన్ పాట్రిన్యానో పేరు మీద వినిపించే 70 శాతం దాటిన అంకె కార్యక్రమం పూర్తిచేసినవాళ్ల గురించి చెప్పేదే. ఎవరైనా అంకె చెప్పినప్పుడు 'ఎంతమందిలో?' అని అడిగితే చాలు, సగం గందరగోళం తీరిపోతుంది.

ఇందులో ఇంకో లోతు కూడా ఉంది. పొలానికి వస్తానని తనంతట తాను ఒప్పుకున్న మనిషి అప్పటికే మారాలనుకుంటున్నాడు. అతను పొలం లేకపోయినా బాగుపడేవాడేమో. ఇది తేల్చాలంటే రెండు గుంపులను చీటీ వేసి విడదీసి పోల్చాలి. అలాంటి ప్రయత్నాలు తక్కువే. నార్వేలో 90 మంది మానసిక రోగులతో చేసిన ఒక అధ్యయనంలో, వారానికి రెండుసార్లు మూడేసి గంటలు పశువులతో గడిపిన వాళ్లలో 'నేను చేయగలను' అన్న నమ్మకం ఆరు నెలల తర్వాత చూసినప్పుడు పెరిగింది. అది మొదటి రకం పొలం, నిరాశ్రయులనే ఎంచుకున్న గుంపు కాదు. 2019లో పరిశోధనలను కలిపి బేరీజు వేసే క్యాంప్‌బెల్ సంస్థ ప్రచురించిన సమీక్ష ఇలాంటి పరిశోధనలన్నీ కలిపి చూసి, దిగులు, ఆందోళన కొంత తగ్గుతున్న ఆనవాళ్లున్నా జీవన నాణ్యత మీద గట్టిగా చెప్పేంత ఆధారం లేదంది. నిరాశ్రయుల మీద, అక్కడే ఉండే పొలాల మీద ఆధారం ఇంకా పలచన.

ముందు ఇల్లా, ముందు కోలుకోవడమా

పొలాన్ని వ్యతిరేకించేవాళ్లంతా నిరాశ్రయులను ఇష్టపడని వాళ్లనుకుంటే పొరపాటు. వాళ్ల కోసమే జీవితమంతా పనిచేసిన వాళ్లలోనూ చాలామందికి దీని మీద సందేహాలున్నాయి. వాళ్ల సిద్ధాంతం పేరు 'హౌసింగ్ ఫస్ట్'. 1992లో న్యూయార్క్‌లో శామ్ సెంబెరిస్ మొదలుపెట్టాడు. మత్తు మానితేనే ఇల్లు అనే షరతు తీసేసి, ముందు ఇల్లిచ్చి, తర్వాత మనిషి కోరుకున్నంత సాయం ఇవ్వాలంటుంది ఇది. తాళంచెవి చేతిలో లేని మనిషి మందులు ఎక్కడ దాచుకుంటాడు, నిద్ర ఎక్కడ పోతాడు?

దీనికి ఆధారం బలంగా ఉంది. కెనడాలోనే 2009 నుంచి 2013 దాకా ఐదు నగరాల్లో, రెండు వేల మందికి పైగా మనుషులతో పెద్ద ప్రయోగం చేశారు. చివరి ఆరు నెలల్లో, ముందు ఇల్లిచ్చిన గుంపులో 62 శాతం మంది పూర్తికాలం ఇంట్లోనే ఉన్నారు. మామూలు సేవలు అందిన గుంపులో 31 శాతమే. తేడా చిన్నది కాదు. కానీ అదే ప్రయోగంలో మత్తు వాడకం, మానసిక లక్షణాల విషయంలో రెండు గుంపుల మధ్య అంత తేడా రాలేదు. పొలాన్ని సమర్థించేవాళ్లు పట్టుకునేది ఈ రెండో మాటనే. గది దొరికింది సరే, గదిలో ఒంటరిగా కూర్చున్న మనిషికి పొద్దున లేవడానికి కారణం ఏది?

నా లెక్కలో ఇవి రెండూ పోటీ పడే జవాబులు కావు. వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. పోటీ వచ్చేదల్లా బడ్జెట్ దగ్గరే. 2018లో విక్టోరియా ప్రాంతంలో ఒక్క రాత్రి లెక్కిస్తే కనీసం 1,525 మందికి ఇల్లు లేదని తేలింది. శాన్ పాట్రిన్యానో లాంటి పెద్దవి పక్కన పెడితే, మామూలు పొలం వంద మందికి మించి చోటివ్వడం కష్టం. అంటే పదిహేనో వంతు. పొలాన్ని నిరాశ్రయుల సమస్యకు పరిష్కారంగా చూపిస్తే ఈ అంకె దగ్గరే కూలిపోతుంది. ఒక రకం మనిషికి సరిపోయే ఒక దారిగా చూపిస్తే నిలబడుతుంది. మద్దతు ప్రసంగాల్లో మాత్రం మొదటి మాటే వినిపిస్తుంది. రెండో మాటకు చప్పట్లు తక్కువ మరి.

పనికి కూలీ ఇవ్వాలా?

ఉచితంగా తిండి, పడక, చికిత్స ఇస్తున్నాం, పని కూడా చికిత్సలో భాగమే, కాబట్టి కూలీ అక్కర్లేదు. నిర్వాహకుల వాదన ఇలా సాగుతుంది. వినడానికి సబబుగానే ఉంటుంది. అమెరికా సుప్రీంకోర్టు ముందుకు 1985లో దాదాపు ఇదే వచ్చింది. అలామో ఫౌండేషన్ అనే మత సంస్థ పెట్రోలు బంకులు, బట్టల షాపులు, పందుల పెంపకం లాంటి వ్యాపారాలు నడిపేది. పనిచేసేవాళ్లలో చాలామంది ఒకప్పుడు మత్తుకు బానిసలు, దిక్కులేనివాళ్లు. తిండి, బట్ట, వసతి ఇచ్చేవారు, జీతం లేదు. మాకు జీతం వద్దని ఆ పనివాళ్లే సాక్ష్యం చెప్పారు. అయినా కోర్టు ఒప్పుకోలేదు. బతకడానికి కావలసినవి పని చేస్తేనే వస్తున్నప్పుడు అవి జీతం కిందే లెక్క, కాబట్టి వీళ్లు ఉద్యోగులే, కనీస వేతన చట్టం వర్తిస్తుంది అంది.

అది అమెరికా తీర్పు, ప్రతి దేశానికీ సొంత చట్టం ఉంటుంది. కానీ అందులోని పరీక్ష ఎక్కడైనా పనికొస్తుంది. ఒంట్లో బాగాలేదని ఈ రోజు పనికి రాకపోతే, రాత్రి పడక ఉంటుందా? ఉంటుందంటే ఆ పని చికిత్సకు దగ్గరగా ఉంది. ఉండదంటే అది కూలికి దగ్గరగా ఉంది. పంట ఎవరి బజారుకు వెళ్తోంది, లాభం ఎవరి ఖాతాలో పడుతోంది అన్నది కూడా చూడాలి. తమ వంటకు తాము పండించుకోవడం ఒకటి, బయట అమ్మే కంపెనీకి చేతులు కావడం ఇంకొకటి. ఇటలీ 2015లో సామాజిక వ్యవసాయం మీద ప్రత్యేకంగా ఒక చట్టం చేసి, ఇలాంటి పనికి సొంత పేరూ గుర్తింపూ ఇచ్చింది. ఆ పేరు లేని చోట పొలం నాలుగు చట్టాల మధ్య బంతిలా తిరుగుతుంది.

పక్క రైతు ఏమంటాడు

ఇరుగుపొరుగు అభ్యంతరాలను కలిపి కొట్టిపారేయడం తేలిక, విడదీసి చూడటం మేలు. ఇంటి ధర పడిపోతుందన్న భయం ఒకటి. నేరాలు పెరుగుతాయన్న భయం ఇంకొకటి. ఇవి పొలం నడిచే తీరును బట్టి తగ్గుతాయి, పెరుగుతాయి. రాత్రిపూట బాధ్యత ఎవరిది, ఫోన్ చేస్తే ఎవరు ఎత్తుతారు అన్నది ముందే చెప్పిన చోట ఈ మాటలకు పదును తగ్గుతుంది. కానీ నీరు సరిపోతుందా, మురుగు ఎక్కడికి వెళ్తుంది, ఇరుకు రోడ్డు మీద అంబులెన్స్ ఎంతసేపటికి వస్తుంది లాంటివి భయాలు కావు, మామూలు ఇంజినీరింగ్ ప్రశ్నలు. వాటికి దయాగుణంతో జవాబు చెప్పలేం.

అంబులెన్స్ అన్నాను కాబట్టి, పొలం అంటే ప్రశాంతత అనుకునేవాళ్లు మరిచిపోయే సంగతి ఒకటి. ట్రాక్టర్లు, పెద్ద పశువులు, రసాయనాలు, ఎండ. కొన్ని మానసిక వ్యాధుల మందులు వాడేవాళ్ల శరీరం వేడిని అంత తేలిగ్గా తట్టుకోలేకపోవచ్చు. ఎవరు ఏ పని చేయొచ్చో చూసే నర్సు లేని పొలంలో జరగాల్సింది జరిగేదాకా అంతా బాగానే కనిపిస్తుంది.

వెళ్లిపోయే రోజు

ఇన్ని అనుమతుల మధ్య ఎక్కువగా మరుగున పడేది పొలం నుంచి బయటకు వచ్చే రోజు. ఏడాదిన్నర తర్వాత మనిషి కోలుకున్నాడు. పొద్దున్నే లేస్తున్నాడు, పాలు పితకడం వచ్చు, కోపం వస్తే బయటికి నడిచివెళ్లి రావడం వచ్చు. ఇప్పుడు నగరంలో అతనికి గది కావాలి. అద్దెకు ముందు పాత ఇంటి యజమాని ఇచ్చిన మంచి మాట అడుగుతారు, జీతం చీటీ అడుగుతారు, బ్యాంకు చరిత్ర అడుగుతారు. పొలంలో కూలీ ఇవ్వలేదు కాబట్టి జీతం చీటీ లేదు. ఉన్నది అద్దెకు కాదు కాబట్టి యజమాని మాట లేదు. పాత స్నేహితులు మాత్రం పాత చోటే ఉన్నారు.

మద్దతు లేఖ మీద సంతకం పెట్టిన ఊరి పెద్దల్లో అద్దె ఇళ్లున్నవాళ్లు ఉంటారు, ఉద్యోగాలిచ్చేవాళ్లు ఉంటారు. అతను సంచీ సర్దుకుని బస్సు దిగేసరికి వాళ్లలో ఎవరి ఫోన్ నంబరు అతని జేబులో ఉందన్నది ఏ దరఖాస్తు ఫారంలోనూ గడి లేని ప్రశ్న.